మీ సైటుకి సొంత డేటాబేస్ సర్వర్ కావాలా? ముందు ఎర్రర్ నంబరు చదవండి

వేట నిషేధం అయిపోయాక మొదటి సరుకు ఒడ్డుకొచ్చిన ఆదివారం అది. 2022 జూన్ 19. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోట్లు కట్టేసి ఉంటాయి కాబట్టి విశాఖలో చేపలు తినేవాళ్లకి ఆ వారం పండగే. ఫిషింగ్ హార్బర్ దగ్గర సరుకు కొని ఇళ్లకి పంపే ఒక బాబాయ్‌కి నేనే సైటు చేసిపెట్టాను. "రేపు ఏడింటికి బుకింగ్ ఓపెన్" అని ఆయన ముందురోజు రాత్రే వాట్సాప్ గ్రూపులన్నిటిలో పెట్టేశారు. ఏడూ నాలుగుకి నాకు ఫోన్. "ఏటమ్మా, తెర తెల్లగా వస్తంది? వంద కేజీల వంజరం ఐస్‌లో ఉంది. ఆర్డర్లు ఫోన్లోనే రాసుకోమంటావా?"

రాసుకోమన్నాను. వాళ్లమ్మాయి నోటు పుస్తకం పట్టుకుని కూర్చుంది. ఇక్కడ మద్దిలపాలెంలో మేడ మీద గదిలో నేను చెమటలు కక్కుతున్నాను. నాకు అప్పుడు తట్టింది ఒక్కటే: ఇదంతా పదిమందితో పంచుకునే చవక షేర్డ్ హోస్టింగ్ వల్లే, మనకొక్కళ్లకే ఉండే డెడికేటెడ్ డేటాబేస్ కొనేస్తే గొడవ తీరిపోతుంది. మధ్యాహ్నానికల్లా కార్డు చేతిలో పెట్టుకుని ధరలు చూస్తున్నాను. హైదరాబాద్‌లో ఒక బ్యాంకు డేటాబేసులు చూసుకునే మా అన్నయ్యకి ఫోన్ చేసి నా గోడు మొత్తం చెప్పుకున్నాను. వాడు అంతా విని ఒక్కటే అడిగాడు. "ఎర్రర్ నంబరెంతే?"

నేను చూడలేదు.

కొత్తగా వెబ్ పని నేర్చుకునే పిల్లలు సాయంత్రాలు మా గదికి వస్తుంటారు. "అక్కా, షేర్డా డెడికేటెడా?" అని మొదటి వారంలోనే అడుగుతారు. సైటు ఇంకా పుట్టలేదు, డేటాబేస్‌లో టేబుల్ ఒక్కటి లేదు, అప్పుడే సర్వర్ బేరం. వాళ్లకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. డబ్బు కట్టే ముందు ఏం కొలవాలి, నిజంగా మారాల్సి వస్తే ఎలా మారాలి అని.

ఒకే బోరు, ఐదు పోర్షన్లు

మేముండే ఇంట్లో ఐదు పోర్షన్లున్నాయి, బోరు ఒక్కటే. శనివారం కింద పోర్షన్‌లో దుప్పట్లు ఉతికారంటే మా పైకి నీళ్లు సన్నగా వస్తాయి. షేర్డ్ డేటాబేస్ హోస్టింగ్ కూడా అంతే. ఒకే మెషిన్ మీద ఒకే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ (మైఎస్‌క్యూఎల్ లేదా మరియాడీబీ) నడుస్తుంటుంది, అందులో వందల మంది ఖాతాలుంటాయి. మీ డేటా పక్కవాడికి కనపడదు. మీ యూజర్‌కి మీ డేటాబేస్ మీద మాత్రమే అధికారం ఉంటుంది. కానీ ర్యామ్, ప్రాసెసర్, డిస్క్ అందరివీ. పక్కవాడి క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) డిస్క్‌ని నమిలేస్తుంటే మీ క్వెరీ లైన్లో నిలబడాలి.

మీది షేర్డా కాదా అని తెలుసుకోవడం తేలిక. సీప్యానెల్‌లో (హోస్టింగ్ వాళ్లిచ్చే కంట్రోల్ పేజీ) డేటాబేస్ చేసినప్పుడు పేరు ముందు మీ ఖాతా పేరు అతుక్కుని, అండర్‌స్కోర్‌తో వస్తే షేర్డ్‌లో ఉన్నట్టే అనుకోవచ్చు. సర్వర్ మొత్తం మీద అధికారమిచ్చే రూట్ పాస్‌వర్డ్ మీ దగ్గర ఉండదు, సెట్టింగుల ఫైలు మీరు ముట్టుకోలేరు.

'డెడికేటెడ్' అనే మాటే అసలు గందరగోళం. అమ్మేవాళ్లు మూడు వేర్వేరు సరుకుల మీద ఇదే చీటీ అంటిస్తారు. ఒకటి, వీపీఎస్ తీసుకుని మైఎస్‌క్యూఎల్ మీరే ఎక్కించుకోవడం. పెద్ద మెషిన్‌లో మీకో ముక్క కోసి ఇస్తారు, లోపల ఏం జరిగినా బాధ్యత మీదే. రెండు, మేనేజ్డ్ డేటాబేస్. సర్వర్ మీ ఒక్కరి కోసమే నడుస్తుంది కానీ ప్యాచ్‌లు, బ్యాకప్‌లు వాళ్లే చూస్తారు. మూడు, ఇనప డబ్బా (అసలు మెషిన్) మొత్తం అద్దెకి తీసుకోవడం. మూడోది ఈ వ్యాసం చదివేవాళ్లలో ఎవరికీ అవసరం పడదు, దాన్ని వదిలేద్దాం. ధరల్లో తేడా ఎంతంటే, షేర్డ్‌కి నెలకి వందల్లో అవుతుంది, మేనేజ్డ్‌కి వేలల్లోకి పోతుంది. చేపల బాబాయ్‌కి ఆ తేడా చెబితే "ఆ డబ్బుతో ఐస్ కొనుక్కుంటాను" అంటారు. ఆయన మాటా తప్పు కాదు.

ఎర్రర్ నంబరు ఏం చెబుతుంది

మా అన్నయ్య అడిగిన నంబరు కోసం లాగ్ ఫైలు తెరిస్తే 1226 అని వరసగా ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో కనెక్షన్ల (సైటు డేటాబేస్‌తో మాట్లాడటానికి తెరిచే లైన్ల) గొడవకి ముఖ్యంగా మూడు నంబర్లుంటాయి. ఇవి తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే.

1040 వస్తే సర్వర్ మొత్తం నిండిపోయిందని. మీకు కాదు, అక్కడున్న అందరికీ తలుపు మూసేశారు. షేర్డ్‌లో ఈ నంబరు తరచూ కనిపిస్తుంటే ఆ ఇంట్లో పోర్షన్లు ఎక్కువైపోయాయని అర్థం. 1203 వస్తే మీ యూజర్ ఒకేసారి తెరవనిచ్చే కనెక్షన్ల కంటే ఎక్కువ తెరిచారని. 1226 కూడా మీ కోటా దాటారనే, ఏ కోటా అన్నది ఆ మెసేజ్‌లోనే రాసి ఉంటుంది. ఒకేసారి తెరిచే కనెక్షన్లు కావచ్చు, గంటకి ఇన్ని క్వెరీలు అన్న పరిమితి కావచ్చు. నాది కనెక్షన్ల కోటా. మా ప్యాకేజీలో ఒక యూజర్‌కి 25.

అంటే ఆ ఆదివారం పక్కింటివాళ్లు నీళ్లు వాడలేదు. మా ట్యాంకు మేమే ఖాళీ చేసుకున్నాం.

అన్నయ్య అంతటితో ఆగలేదు. "డెడికేటెడ్ కొంటే ఎన్ని కనెక్షన్లొస్తాయనుకుంటున్నావు?" అన్నాడు. మైఎస్‌క్యూఎల్ తాజాగా ఎక్కిస్తే దాని సొంత పరిమితి 151. పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ అయితే 100. పెంచుకోవచ్చు, కానీ పెంచిన ప్రతి కనెక్షనూ ర్యామ్ తింటుంది. నేను కొనబోతున్నది 25 బదులు 151 ఉన్న ఇంకో గది, అంతే.

వేళ్ల మీద చేసే గుణకారం

ఇది ఒక్కటి నేర్చుకోండి, చాలా డబ్బు మిగులుతుంది. ఒకేసారి ఎన్ని కనెక్షన్లు తెరిచి ఉంటాయంటే, సెకనుకి ఎన్ని పేజీలు అడుగుతున్నారో ఆ సంఖ్యని, ఒక్కో పేజీ డేటాబేస్‌ని ఎన్ని సెకన్లు పట్టుకుని కూర్చుంటుందో ఆ సంఖ్యతో గుణించాలి.

మా బాబాయ్ సైటుకి ఆ పొద్దున్న మొదటి నిమిషంలో 300 మంది వచ్చారు. సెకనుకి ఐదుగురు. ఐదుగురంటే గుంపు కూడా కాదు, టీ కొట్టు దగ్గర అంతకంటే ఎక్కువమంది ఉంటారు. హోమ్ పేజీ నేను ఒక్కదాన్నే తెరిచి చూసినప్పుడు రెండు సెకన్లు పట్టేది. ఐదు రెళ్లు పది, 25లో సరిపోవాలి కదా? పోదు. పది క్వెరీలు ఒకేసారి అదే డిస్క్ మీద పడితే ఒక్కోటీ నెమ్మదిస్తుంది. రెండు సెకన్ల పేజీ నాలుగవుతుంది, అప్పుడు కనెక్షన్లు ఇరవై. ఇరవై ఉంటే ఇంకా నెమ్మదించి ఆరవుతుంది, ముప్ఫై. 25 దగ్గర తలుపు మూసుకుపోయింది. తెల్ల తెర చూసిన జనం ఊరుకుంటారా, రిఫ్రెష్ నొక్కుతారు. అది మళ్లీ కొత్త కనెక్షన్.

ఇప్పుడు అదే పేజీని 151 కనెక్షన్ల సర్వర్ మీద పెట్టామనుకోండి. పేజీకి ఆరు సెకన్లయితే 151ని ఆరుతో భాగించి చూడండి, సెకనుకి 25 మంది దగ్గర అదీ పడిపోతుంది. అదే పేజీని రెండు సెకన్ల నుంచి 0.02 సెకన్లకి తగ్గిస్తే, ఐదుగురికి కావాల్సింది సగటున 0.1 కనెక్షన్. షేర్డ్‌లో ఇంకా ఇరవై నాలుగు పైగా ఖాళీ.

సర్వర్ కోడ్‌ని జావాస్క్రిప్ట్‌తో నోడ్‌లో రాసేవాళ్లకి ఒక్క మాట. మైఎస్‌క్యూఎల్2 లైబ్రరీలో పూల్ (తెరిచి ఉంచుకుని మళ్లీ మళ్లీ వాడుకునే కనెక్షన్ల గుంపు) పెడితే మామూలుగా పది కనెక్షన్ల దాకా తెరుస్తుంది. మీరు నాలుగు ప్రాసెస్‌లు నడిపితే నలభై. సైటు ఖాళీగా ఉన్నప్పుడు ఇది కనపడదు, రద్దీ రోజునే బయటపడుతుంది.

ఆ రెండు సెకన్లు ఎక్కడ పోయాయి

షేర్డ్‌లో స్లో క్వెరీ లాగ్ (నెమ్మదిగా నడిచిన క్వెరీల చిట్టా) మీకు ఇవ్వరు. ఇప్పుడేం నడుస్తోందో చెప్పే ప్రాసెస్ లిస్ట్ అడిగితే మీ కనెక్షన్లు మాత్రమే చూపిస్తుంది. అయినా పని జరుగుతుంది. పీహెచ్‌పీలో ప్రతి క్వెరీకి ముందూ వెనకా టైము పట్టుకుని, 0.01 సెకను దాటినవి ఒక ఫైలులో రాయించండి. పది లైన్ల కోడ్. నేను ఆ రాత్రి రాసింది అదే.

ఫైలు చూస్తే సిగ్గేసింది. హోమ్ పేజీలో 32 రకాల చేపలు. ఒక్కో చేప పక్కన 'ఈ రోజు మిగిలింది ఇంత' అని చూపించాలి కాబట్టి లూప్‌లో ఒక్కో చేపకి విడిగా ఒక క్వెరీ పెట్టాను. వంజరం ఎంత అమ్ముడైంది, చందువ ఎంత, రొయ్య ఎంత అని 32 సార్లు వెళ్లి అడగడం. ఒక్కోటీ 0.06 సెకను. విడిగా చూస్తే ఏమీ కాదు. 32తో గుణిస్తే దాదాపు రెండు సెకన్లు.

ఆ 0.06 మాత్రం ఎందుకు? క్వెరీ ముందు ఎక్స్‌ప్లెయిన్ అన్న మాట చేర్చి పీహెచ్‌పీ మైఅడ్మిన్‌లో (బ్రౌజర్‌లోంచి డేటాబేస్ చూసుకునే పేజీ) నడపండి, ఆ క్వెరీని సర్వర్ ఎలా నడుపుతుందో చెబుతుంది. నాకు ఫలితంలో టైప్ అన్న గడిలో 'ఆల్' (టేబుల్ మొత్తం చదవడం) అని, కీ అన్న గడిలో 'నల్' (ఏ ఇండెక్సూ వాడలేదు) అని వచ్చింది. వరుసల గడిలో 90 వేల పైచిలుకు. ఈ రోజు అమ్మకం లెక్క కోసం సైటు పుట్టినప్పటి నుంచి పడిన ప్రతి ఆర్డర్‌నీ చదువుతోంది, అదీ పేజీకి 32 సార్లు.

ఇండెక్స్ (పుస్తకం చివర ఉండే సూచికలాంటిది) లేదా అంటే, తేదీ మీద ఉంది. నేనే పెట్టాను. మరి ఎందుకు వాడుకోలేదు? ఎందుకంటే నేను క్వెరీలో షరతు రాసే వేర్ దగ్గర కాలమ్‌ని డేట్ ఫంక్షన్‌లో చుట్టి, అది ఈ రోజుకి సమానమా అని అడిగాను. కాలమ్‌కి ఫంక్షన్ తొడిగితే దాని మీదున్న మామూలు ఇండెక్స్ పనికిరాదు. ఇండెక్స్‌లో ఉన్నది తేదీ, టైము కలిసిన విలువ. నేను అడుగుతున్నది ఇంకోటి, ప్రతి వరుసకీ లెక్కగట్టి చూడాల్సిందే. దాన్ని 'ఈ రోజు సున్నా గంటల నుంచి, రేపటి సున్నా గంటల లోపు' అని రెండు హద్దులుగా రాస్తే ఇండెక్స్ వెంటనే పనిలోకి దిగింది. 32 క్వెరీలని, చేపల వారీగా లెక్క తెచ్చే గ్రూప్ బైతో ఒక్కటి చేశాను. తేదీ, చేప నంబరు కలిపి ఒకే ఇండెక్స్ పెట్టాను. పేజీ మొత్తం 0.02 సెకను లోపు.

తర్వాతి ఆదివారం అదే షేర్డ్ సర్వర్, అవే గ్రూపులు, అదే ఏడింటి మెసేజ్. సైటు పడలేదు. బాబాయ్ ఫోన్ చేసి "పోన్లే, ఈసారి మా పిల్లకి చేతి నొప్పి తప్పింది" అన్నారు. అదే ప్యాకేజీ మీద ఇంకో రెండేళ్లు నడిచింది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మొదటి సైటుకి షేర్డ్ తీసుకోండి. నెమ్మదిగా ఉందని ఎవరైనా అంటే పైన చెప్పిన మూడు పనులు చేయండి: నంబరు చదవడం, టైము కొలవడం, ఎక్స్‌ప్లెయిన్. ఈ మూడూ చేయకుండా డెడికేటెడ్ కొన్నవాళ్లు తప్పుడు క్వెరీని పెద్దింట్లోకి మార్చినట్టే.

అయితే ఎప్పుడు మారాలి

మాకు 2024లో మారక తప్పలేదు. మూడు కారణాలొచ్చాయి. ఆ ఏడాది వేసవికి ముందు వరసగా మూడు ఆదివారాలు 1040 వచ్చింది. మా క్వెరీలన్నీ సెకనులో వందో వంతులోనే ఉన్నాయి, అంటే ఇల్లే నిండిపోయింది. హోస్టింగ్ వాళ్లకి రాస్తే పెద్ద ప్యాకేజీ కొనమన్నారు. ఆ పెద్ద ప్యాకేజీ కూడా అదే బోరు.

రెండోది బ్యాకప్. వాళ్లు రోజుకొకసారి తెల్లవారుజామున రెండింటికి తీసేవాళ్లు. మధ్యాహ్నం ఏదైనా అయితే పొద్దుటి ఆర్డర్లన్నీ గల్లంతు. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టించుకోవడం మొదలుపెట్టాక ఆ టెన్షన్ నా వల్ల కాలేదు. బ్యాకప్‌తో పాటు బైనరీ లాగ్ (డేటాబేస్‌లో జరిగిన ప్రతి మార్పునీ రాసుకునే చిట్టా) దాచుకుంటే 'మధ్యాహ్నం 12:40కి ఎలా ఉందో అలా వెనక్కి తీసుకురా' అని అడగొచ్చు. షేర్డ్‌లో ఆ లాగ్ మీ చేతికి రాదు. మూడోది, డెలివరీ కుర్రాళ్ల యాప్ వేరే సర్వర్‌లో పెట్టాల్సి వచ్చింది, అది కూడా ఇదే డేటాబేస్‌ని అడగాలి.

మీకు ఇలాంటి కారణం ఒక్కటైనా గట్టిగా ఉంటే మారండి. 'రేపు జనం ఎక్కువైతే' అన్నది కారణం కాదు. ఎక్కువైన రోజు చూసుకోవచ్చు.

నేను చేసిన రెండు తెలివితక్కువ పనులు

మొదట వీపీఎస్ తీసుకున్నాను, ఒక జీబీ ర్యామ్‌ది. ఎక్కడో చదివిన సలహా పట్టుకుని ఇన్నోడీబీ బఫర్ పూల్‌ని (మైఎస్‌క్యూఎల్ డేటాని ర్యామ్‌లో దాచుకునే చోటు) ర్యామ్‌లో 75 శాతం పెట్టాను. ఆ సలహా తప్పు కాదు, డేటాబేస్ తప్ప ఇంకేమీ నడవని మెషిన్‌కి అది సరిపోతుంది. నేను అదే మెషిన్‌లో డెలివరీ యాప్‌ని కూడా పెట్టాను. ర్యామ్ అయిపోయినప్పుడు లినక్స్ చూస్తూ ఊరుకోదు, ఎక్కువ మేస్తున్న ప్రాసెస్‌ని చంపేస్తుంది. ఎక్కువ మేసేది ఎవరు? మైఎస్‌క్యూఎలే. రాత్రి మూడింటికి చచ్చిపోయింది, నేను లేచేదాకా అలాగే ఉంది. బఫర్ పూల్ మామూలుగా 128 ఎంబీ ఉంటుంది. మెషిన్‌లో ఇంకేవైనా నడుస్తుంటే అక్కడి నుంచి కొంచెం కొంచెం పెంచుకోండి, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ ముక్క) కూడా పెట్టుకోండి.

పైగా ఇంటి నుంచి చూసుకోవడానికి వీలుగా ఉంటుందని మైఎస్‌క్యూఎల్ తలుపైన 3306 పోర్టు లోకానికంతటికీ తెరిచి పెట్టాను. తెల్లారి లాగ్ చూస్తే ఎవరెవరో రూట్ పేరుతో వందల సార్లు తలుపు కొట్టారు. 2017 జనవరిలో ఇలా బార్లా తెరిచి ఉంచిన మాంగోడీబీ (ఇంకో రకం డేటాబేస్) డేటాబేసులు వేలకి వేలు తుడిచేసి డబ్బు అడిగారు. కాబట్టి బైండ్ అడ్రస్ (డేటాబేస్ ఏ అడ్రస్ మీద వినాలో చెప్పే సెట్టింగు) 127.0.0.1గానే ఉంచండి, అప్పుడు ఆ మెషిన్ లోపలివాళ్లే అడగగలరు. బయటి నుంచి కావాలంటే ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ (సర్వర్‌లోకి తాళం వేసిన దారి) వాడండి. ఇంకో సర్వర్ అడగాలంటే బైండ్ అడ్రస్ మార్చి, ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క ఐపీకే దారివ్వండి.

రెండు వారాలకి నిద్ర లేక మేనేజ్డ్‌కి మారాను. వీపీఎస్ తీసుకుంటే మీరు సర్వర్‌తో పాటు ఒక ఉద్యోగం కూడా తీసుకుంటున్నారు, జీతం లేని ఉద్యోగం. మైఎస్‌క్యూఎల్ 5.7కి 2023 అక్టోబరుతో, 8.0కి 2026 ఏప్రిల్‌తో సపోర్ట్ గడువు. ఆ తేదీలు గుర్తుపెట్టుకుని ముందే అప్‌గ్రేడ్ చేసేది ఎవరు? మీరే. నేర్చుకోవడం కోసమైతే వీపీఎస్‌ని మించిన బడి లేదు, ఒకటి తీసుకుని పాడుచేసి చూడండి. డబ్బులిచ్చే కస్టమర్ సైటు మాత్రం దాని మీద పెట్టి నేర్చుకోకండి.

ఇక రెండోది. మేనేజ్డ్ డేటాబేస్‌ని ముంబైలో తీసుకున్నాను. మారిన రోజు సైటు ముందుకంటే నెమ్మదైంది! ఎక్కువ డబ్బు కట్టి, ఒక్కరికే అయిన సర్వర్ మీద, నెమ్మది. నాకు కాసేపు మతిపోయింది. సంగతేంటంటే పీహెచ్‌పీ కోడ్ ఇంకా పాత షేర్డ్ హోస్టింగ్‌లోనే ఉంది, ఆ మెషిన్ అమెరికాలో ఉంది. షేర్డ్‌లో ఉన్నప్పుడు కోడూ డేటాబేసూ ఒకే మెషిన్‌లో ఉండేవి కాబట్టి ప్రశ్న వెళ్లి జవాబు రావడానికి టైమే పట్టేది కాదు. ఇప్పుడు ఒక్కో క్వెరీ అమెరికా నుంచి ముంబై వచ్చి తిరిగి వెళ్లాలి, రానుపోను దాదాపు 200 మిల్లీసెకన్లు. చెక్అవుట్ పేజీలో 14 క్వెరీలు. 2.8 సెకన్లు దారి ఖర్చులకే. కోడ్‌ని కూడా ముంబైకి తెచ్చాక సర్దుకుంది. కోడ్ ఎక్కడ ఉంటే డేటాబేస్ అక్కడే, అదే ఊళ్లో, వీలైతే అదే కంపెనీ లోపలి నెట్‌వర్క్‌లో.

ఊరి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. విశాఖలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ హబ్ పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించినప్పటి నుంచి మా పిల్లలు "అక్కా, ఇక సర్వర్ మధురవాడలోనే తీసుకోవచ్చా?" అని అడుగుతున్నారు. ముంబైలో అమెజాన్ తన సర్వర్ల కేంద్రాన్ని (రీజియన్) 2016లోనే తెరిచింది, హైదరాబాద్‌లో 2022లో. విశాఖ కస్టమర్‌కి ఈ రెండిట్లో ఏదైనా చాలు. చేప ఇంటికి రావడానికి గంట పడుతుంది, పేజీ ఇరవై మిల్లీసెకన్లు అటూ ఇటూ అయితే ఎవరూ గుర్తించరు.

మార్చే రోజు

అసలు మార్పు మే నెలలో పెట్టుకున్నాను. నిషేధం కాలం, సముద్రం చేప లేదు, చెరువు చేపకి పదీ ఇరవై ఆర్డర్లు. మీ కస్టమర్ వ్యాపారంలోనూ అలాంటి నెల ఒకటి ఉంటుంది, వెతకండి. బట్టల కొట్టుకి ఆషాఢం డిస్కౌంట్ల ముందు, కోచింగ్ సెంటర్‌కి పరీక్షల తర్వాత.

వారం ముందే ఒకసారి ఉత్తుత్తి మార్పు చేసి చూడండి. మైఎస్‌క్యూఎల్ డంప్ (డేటా మొత్తం ఒక ఫైలులోకి) తీసేటప్పుడు సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్ పెట్టండి. ఇన్నోడీబీ టేబుళ్లయితే సైటు నడుస్తుండగానే, ఒకే క్షణంలో ఫొటో తీసినట్టు డేటా మొత్తం వస్తుంది. దాన్ని కొత్త చోట ఎక్కించి, ప్రతి టేబుల్‌లో వరుసలు లెక్కపెట్టి పాతదానితో పోల్చండి.

లెక్క సరిపోయినంత మాత్రాన నమ్మకండి, కళ్లతో చూడండి. నేను ఉత్తుత్తి మార్పు చేసినప్పుడు వరుసలన్నీ సరిగ్గా వచ్చాయి. సైటు తెరిస్తే చేపల పేర్ల స్థానంలో ప్రశ్నార్థకాలు. వంజరం అన్నచోట నాలుగైదు ప్రశ్నార్థకాలు, చందువకీ అవే. ఎక్కించేటప్పుడు ఒకచోట క్యారెక్టర్ సెట్ (అక్షరాలు దాచే పద్ధతి) లాటిన్1 అయింది, అందులో తెలుగు పట్టదు. ఒకసారి ప్రశ్నార్థకంగా పడిన అక్షరం మళ్లీ తెలుగు కాదు, పాత డంప్ నుంచి తిరిగి ఎక్కించాల్సిందే. డేటాబేస్, టేబుల్, కనెక్షన్ మూడూ యూటీఎఫ్8ఎంబీ4 ఉండాలి. పాత మైఎస్‌క్యూఎల్‌లో ఉత్త యూటీఎఫ్8 అంటే అక్షరానికి మూడు బైట్లే. తెలుగు అక్షరం మూడు బైట్లలో పట్టేస్తుంది కాబట్టి అంతా బాగుందనుకుంటాం. కస్టమర్ రివ్యూలో చేప ఎమోజీ పెట్టిన రోజు తెలుస్తుంది, దానికి నాలుగు కావాలి.

అసలు రోజు రాత్రి పదకొండుకి సైటు మీద 'అరగంటలో వస్తాం' అని బోర్డు పెట్టాను. చివరి డంప్, ఎక్కించడం, లెక్క, కాన్ఫిగ్ ఫైలులో హోస్ట్ పేరు మార్చడం. అంతా 25 నిమిషాలు. తర్వాత చేసిన పని మాత్రం మీరూ తప్పకుండా చేయండి: పాత డేటాబేస్‌ని తీసేయకుండా, ఆ యూజర్‌కి రాసే అధికారం పీకేసి చదివే అధికారం మాత్రం ఉంచాను. మర్నాడు పొద్దున్న ఒక ఎర్రర్ మెయిల్ వచ్చింది. రోజూ ఐదింటికి దానంతటదే నడిచి ధరలు మార్చే క్రాన్ స్క్రిప్ట్‌లో పాత పాస్‌వర్డ్ విడిగా రాసి ఉంది, నేనే మర్చిపోయాను. అధికారం పీకకపోయుంటే అది నోరెత్తకుండా పాత డేటాబేస్‌లోనే ధరలు మార్చుకుంటూ పోయేది, సైటులో నిన్నటి ధరలకే చేప అమ్ముడయ్యేది.

మేనేజ్డ్‌కి వచ్చాక కూడా బ్యాకప్‌ని నేనొకటి విడిగా తీస్తాను. రెండు నెలలకోసారి దాన్ని లాప్‌టాప్‌లో ఎక్కించి, నిన్నటి చివరి ఆర్డర్ కనిపిస్తుందో లేదో చూస్తాను. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ కంపెనీలో ఒక ఇంజనీర్ పొరపాటున అసలు డేటాబేస్‌నే తుడిచేశాడు. వాళ్లకున్న బ్యాకప్ పద్ధతులు ఒక్కోటీ వరసగా చేతులెత్తేశాయి, చివరికి దాదాపు ఆరు గంటల డేటా పోయింది. ఆ సంగతి వాళ్లే దాచకుండా రాసుకున్నారు. అంత పెద్దవాళ్లకే అలా అయింది. నాకు అంతకుముందే ఇంకో పాఠం ఉంది. 2014లో అక్కయ్యపాలెంలో బల్ల కింద పాత డెస్క్‌టాప్ పెట్టి దాన్ని 'నా డెడికేటెడ్ సర్వర్' అని చెప్పుకునేదాన్ని. అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. కిటికీ ఊడి నీళ్లు గదిలోకి వచ్చాయి, కరెంటు ఎన్ని రోజులకి వచ్చిందో గుర్తుకూడా లేదు. బ్యాకప్ ఉంది. అదే డెస్క్‌టాప్‌లో, రెండో డిస్క్ మీద.

పాత షేర్డ్ ప్లాన్‌ని రద్దు చేసే ముందు ఒక నెల ఆగండి. ఆ నెలలో దాని సీప్యానెల్‌లో ఈమెయిల్ ఖాతాలు అన్న పేజీ తెరిచి చూడండి. కోడూ డేటాబేసూ వెళ్లిపోయినా మెయిల్స్ అక్కడే ఉండిపోతాయి. బాబాయ్ ఐస్ ఫ్యాక్టరీ బిల్లులన్నీ ఆ మెయిల్‌కే వస్తాయని నాకు రద్దు బటన్ నొక్కబోయే రోజు తెలిసింది, అదీ "మెయిల్లో బిల్లొచ్చిందేమో చూసి చెప్పమ్మా" అని ఆయన వేరే పని మీద ఫోన్ చేస్తే.